తలనొప్పి నా తప్పు కాదు, ఆ 60ది!

"పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటే తలనొప్పి రాదూ?" అనేవారు మావారు. కొత్త మానిటర్ అబ్బాయికి, పాత డబ్బా మానిటర్ నాకు. కొత్తదానికి సెట్టింగులన్నీ గంటసేపు సరిచూశారు, నా దానివైపు ఒక్కరూ తొంగిచూడలేదు.

చివరికి నేనే చూశాను. రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్! అంటే తెర సెకనుకు 60 సార్లే మెరుస్తోంది. పిక్చర్ ట్యూబు మానిటర్లో ఆ మినుకు చాలామంది కళ్ళకు తెలిసిపోతుంది. రిజల్యూషన్ ఎక్కువ పెడితే ట్యూబు అంత వేగంగా గీయలేదు. అందుకే 1280×1024 నుంచి 1024×768కి దించాను. అప్పుడు 85 కనిపించింది. మానిటర్‌తో వచ్చిన పుస్తకంలో ఆ అంకె ఉందో లేదో చూసుకునే మార్చాను. అక్షరాలు పెద్దవయ్యాయి, మినుకు పోయింది, తలనొప్పీ తగ్గింది.

పల్చటి ఎల్‌సీడీ అయితే 60 చాలు. దానికి రిజల్యూషన్ మాత్రం దాని సొంతదే ఉండాలి, లేకపోతే అక్షరాలు అలికినట్టుంటాయి.

రూపాయి ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. మనకు పాత వస్తువు ఇస్తే ఇచ్చారు, సర్దుకుంటాం. సరిచేయకుండా ఇచ్చి, నొప్పి మన అలవాటు మీదికి నెట్టడం ఏం న్యాయమండీ? ఇకపై ఎవరైనా "కూర్చోవడం తగ్గించు" అంటే, "ముందు సెట్టింగు చూడండి" అనండి.