ఫ్రిజ్ మన వంటింటికేనా?

కిందటి నెల మా వదిన ఊరినుంచి వస్తూ రెండు సంచులనిండా టమాటాలు తెచ్చింది. "ఇన్నెందుకు వదినా?" అంటే, "మండీకి ఏస్తే బాడుగ గూడా రాదు పాపా. ఇక్కడైనా నలుగురు తింటారు" అంది. మదనపల్లె దగ్గర రెండెకరాల తోట వాళ్లది. నారుకీ, కట్టెలకీ, మందులకీ తెచ్చిన అప్పు అలాగే ఉంది. ఈ పంటమీద పెద్దపిల్ల కాలేజీ ఫీజు కడదామనుకున్నారట.

ఆ పొద్దున్నే నేను కూరగాయల బండివాడితో రెండు రూపాయలకు బేరమాడి గెలిచాను. వదిన మాట విన్నాక ఆ గెలుపు చప్పబడిపోయింది.

నేను ఫ్రిజ్‌లో సర్దుతుంటే, "ఇట్లాంటిది పెద్దది మా ఊర్లో ఒకటుంటే నాలుగు దినాలు ఆగేవాళ్లం గదా" అంది. నాకు జవాబు తోచలేదు.

కోసిన కాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. పండి, మెత్తబడి, కుళ్లేది అందుకే. చల్లదనం ఆ ఊపిరిని నెమ్మదిగా సాగేలా చేస్తుంది. అయితే అన్నిటికీ ఒకే చలి పనికిరాదు. అరటిపండు ఫ్రిజ్‌లో నల్లబడడం మనం చూసిందే. బంగాళాదుంపకు 4 డిగ్రీలు సరే. పచ్చి టమాటాను అంత చలిలో పెడితే సరిగా పండదు, మచ్చలు పడుతుంది. "గుంటూరులో బోలెడు కోల్డ్ స్టోరేజీలున్నాయిగా!" అంటారు మావారు. ఉన్నాయి, ఎక్కువగా ఎండుమిర్చికి. టమాటా రైతుకు వాటివల్ల ఒరిగేదేముంది?

2023 జూలైలో టమాటా కిలో నూరు దాటితే గగ్గోలు పెట్టాం. సెప్టెంబరుకల్లా అదే టమాటాను మన రైతులు రోడ్డుపక్కన పారబోశారు. అప్పుడు మనలో ఎందరం మాట్లాడాం?

"టమాటా ఎన్నాళ్లు ఆగుతుంది? అద్దె దండగ" అనేవాళ్లున్నారు. నిజమే, నెలల తరబడి ఆగదు. ధర సీజనంతా పడిపోతే చల్లటి గది ఒక్కటే రైతును గట్టెక్కించదు కూడా. కానీ ఓ వారం ఆగినా చాలు, "ఇంతకు మించి ఇవ్వను" అన్న వ్యాపారితో "అయితే రేపు చూద్దాంలే" అనగలడు. ఇప్పుడు ఆ మాట అనే వీలే లేదు.

అందుకే పట్నంలో పెద్ద గిడ్డంగులతోపాటు, తోటల దగ్గరే అయిదు, పది టన్నుల చిన్న గదులు కావాలంటాను. సౌరవిద్యుత్తుతో నడిచేవి వచ్చాయి కూడా. వాటిని మహిళా సంఘాలకు అప్పగించాలి. కాయలు కోసేదీ, ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఏది నిలుస్తుందో, ఏది రేపటికి పనికిరాదో చేత్తో పట్టుకుని చెప్పేస్తారు. ఆకుకూరలకైతే కరెంటు కూడా అక్కర్లేదు. రెండు వరసల ఇటుక గోడలమధ్య తడి ఇసుక పోసిన తొట్టి చాలు. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే అది.

ఫ్రిజ్‌లో పట్టని టమాటాలతో వదినా నేనూ కూర్చుని నిల్వపచ్చడి పెట్టాం. రెండు జాడీలయింది. రెండెకరాల పంటను ఏ జాడీలో పెడతాం, చెప్పండి?