జపాను తోటరాముడు

‘పాతాళభైరవి’ దేవత పేరు, కథ మాత్రం తోటరాముడిది. సరిగ్గా అలాగే ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’లో జెల్డా రాకుమారి పేరు. కత్తి పట్టేది లింక్ అనే కుర్రాడు. హీరోనే జెల్డా అనుకునేవాళ్లు మన విశాఖలోనూ ఉన్నారు సుమా! రాక్షసుడి చెరలో రాకుమారి, ఎనిమిది ముక్కలై దాగిన మహిమగల వస్తువు, బిలాలు, మాయలు... 1951లో కె.వి.రెడ్డిగారు చూపించిన లోకానికి ఇది దగ్గరి చుట్టమే. తేడా ఒకటే, ఇక్కడ రామారావుగారి వేషం మనం వేసుకోవాలి.

1986 ఫిబ్రవరి 21న జపానులో విడుదలైన ఈ వీడియో గేమ్ నింటెండో వారిది. 1889లో క్యోటోలో పేకముక్కలతో మొదలైన కంపెనీ అది! దర్శకులు షిగెరు మియమోతో, తకాషి తెజుకా. అదే రోజుల్లో ‘సూపర్ మారియో’ పని కూడా వీళ్ల చేతుల్లోనే ఉంది. మారియోకి దారి ఒక్కటే, కుడివైపు పరుగు. దానికి పూర్తిగా ఎదురు జెల్డా. ఎటు పోతావో నీ ఇష్టం.

మియమోతో పుట్టిపెరిగింది క్యోటో దగ్గర సోనోబేలో. చిన్నప్పుడు లాంతరు పట్టుకుని గుహలో దూరిన సరదా, భయం కలిసే ఈ ఆటయిందని ఆయనే చెప్పాడు. కిరండోల్ పాసింజరెక్కి బొర్రా గుహలు చూసొచ్చినవాళ్లకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మొదట్లో లింక్ చేతిలో కత్తి కూడా ఉండదు. ఎదురుగా గుహ, లోపల ముసలాయన. వెళ్తే కత్తిస్తాడు, వెళ్లకపోతే మీ ఖర్మ! ఏ పొద కాలిస్తే మెట్లు కనిపిస్తాయో, ఏ గోడకి బాంబు పెడితే దారొస్తుందో నేస్తాల్ని అడిగి తెలుసుకోవాల్సిందే. ఇంకో చిలిపి పని ఉంది. ఆటగాడి పేరు దగ్గర ‘జెల్డా’ అని కొడితే సరాసరి రెండో, కష్టమైన ఆట మొదలవుతుంది.

పాట కథ ఇంకా బాగుంటుంది. టైటిల్స్‌కి ఫ్రెంచి సంగీతకారుడు రావెల్ ‘బొలేరో’ వాడుకుందామనుకున్నారు. తీరా చూస్తే హక్కుల గడువు ఇంకా తీరలేదు! సంగీత దర్శకుడు కోజీ కొండో రాత్రికి రాత్రి కొత్త బాణీ కట్టాడు. నలభై ఏళ్లుగా జెల్డా అంటే ఆ బాణీయే. మన రికార్డింగ్ థియేటర్లలో పుట్టిన హిట్ పాటల కథల్లాగే లేదూ?

మా చిన్నప్పుడు గంట లెక్కన ఆడించే షాపుల్లో మారియో బాగా తిరిగేది. జెల్డా ఒక పూటలో తెమిలే ఆట కాదు. అందుకే ఆపినచోటు గుర్తుంచుకునే ఏర్పాటు పెట్టారు. జపానులో డిస్కు, 1987లో అమెరికా వెళ్లిన బంగారురంగు క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ. అలా 65 లక్షల దాకా అమ్ముడైంది. 2017లో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ మళ్లీ ఆ మొదటి ఆట స్వేచ్ఛనే వెతుక్కుంటూ వెళ్లి జగమంతా మెప్పు పొందింది.

అసలు కబురు ఇప్పుడు. జెల్డాని సినిమాగా తీస్తున్నామని 2023 నవంబరులో ప్రకటించారు. దర్శకుడు వెస్ బాల్. లింక్‌గా బెంజమిన్ ఇవాన్ ఎయిన్స్‌వర్త్, జెల్డాగా బో బ్రాగసన్ అని 2025 జూలైలో తేలింది. నా బెంగల్లా ఒక్కటే. ఆటల్లో లింక్ నోరు విప్పడు, ఎందుకంటే ఆ నోరు ఆడేవాడిది. తెరమీద అతనికి డైలాగులు రాస్తారా, రాయరా?