బొమ్మరిల్లు నించి శంషాబాద్ దాకా

మన రొమాంటిక్ కామెడీల్లో అసలు విలన్ ఎవరంటే నేను తడుముకోకుండా ప్రకాశ్ రాజ్ పేరు చెప్తాను. కత్తులు పట్టుకుని అరిచే ప్రకాశ్ రాజ్ కాదు, ఇంట్లో సోఫాలో కూర్చుని నవ్వుతూ మాట్లాడే ప్రకాశ్ రాజ్. నువ్వు నాకు నచ్చావ్ (2001), బొమ్మరిల్లు (2006), పరుగు (2008)... ఏది తీసుకున్నా హీరోకి అమ్మాయిని ఒప్పించడం పెద్ద పనేం కాదు. అసలు పని ఈ పెద్దాయన్ని ఒప్పించడం. వీసా ఇంటర్వ్యూ లాంటిదన్నమాట. కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి, అయినా అద్దం వెనకాల మనిషి మొహం చూడగానే గుండె దడ మొదలవుతుంది.

ఇలా అన్నానని ఈ సినిమాలంటే నాకు చిన్నచూపు అనుకోకండి. నువ్వు నాకు నచ్చావ్ టీవీలో ఎక్కణ్ణించి వస్తున్నా సరే అక్కణ్ణించి చూస్తాను. డైనింగ్ టేబుల్ దగ్గర ప్రార్థన సీను ఇప్పటికి ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు. ఆ సినిమా ఇన్నేళ్ళయినా నిలబడటానికి త్రివిక్రమ్ మాటలొక్కటే కారణం అంటే నేనొప్పుకోను. అందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. వెంకీకి నందిని అంటే ఇష్టమే, కానీ వాళ్ళ నాన్నకీ వీళ్ళ నాన్నకీ ఉన్న స్నేహం చెడిపోతుందని నోరు కట్టుకుంటాడు. అది నిజమైన ఇబ్బంది. మన ఇళ్ళల్లో జరిగేది అదే కదా, ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అయినా అందరికీ కష్టంగానే ఉంటుంది.

బొమ్మరిల్లు దగ్గరకొచ్చేసరికి ఆ కష్టానికి ఒక పేరు దొరికింది. చొక్కా రంగు దగ్గర్నించీ అన్నీ తనే నిర్ణయించే నాన్న, ఇంట్లో తలూపి బయట తిట్టుకునే కొడుకు, ఆ ఇంట్లోకి గాలిలా వచ్చిన హాసిని. చివర్లో కొడుకు నాన్న ముందు కడుపులోదంతా కక్కేస్తాడు. థియేటర్లో చప్పట్లు కొట్టిన కుర్రాళ్ళలో సగం మంది ఇంటికెళ్ళి వాళ్ళ నాన్న ముందు మళ్ళీ మామూలుగానే తలూపి ఉంటారు, అది వేరే విషయం :) తమాషా ఏంటంటే రెండేళ్ళు తిరక్కుండానే అదే భాస్కర్ అదే ప్రకాశ్ రాజ్‌తో పరుగు తీసి, కూతురు వెళ్ళిపోతే నాన్నకి ఎలా ఉంటుందో చూపించాడు. బాకీ తీర్చుకున్నట్టు అనిపించింది నాకు.

ఇక్కడ ఇంకో విషయం చూడండి. బొమ్మరిల్లులో ప్రకాశ్ రాజ్, జయసుధ భార్యాభర్తలు. 2013లో సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టులో మళ్ళీ వీళ్ళే. 2017లో శతమానం భవతిలో మళ్ళీ వీళ్ళే. మూడింటికీ నిర్మాత దిల్ రాజే. వరసపెట్టి చూస్తే ఒకే ఇంటి కథ మూడు భాగాలుగా తీసినట్టుంటుంది. మొదటి దాంట్లో పిల్లాడు, నా చెయ్యి వదలమంటాడు. రెండోదాంట్లో పిల్లలు ఇంకా చుట్టుపక్కలే తిరుగుతుంటారు. మూడోదానికొచ్చేసరికి పిల్లలు విదేశాల్లో, వీళ్ళిద్దరూ ఆత్రేయపురంలో. వాళ్ళని సంక్రాంతికి రప్పించడానికి ఆ పెద్దాయన ఏకంగా మీ అమ్మకి విడాకులిస్తున్నానని కబురు పంపాల్సొచ్చింది. పదకొండేళ్ళలో ఎక్కణ్ణించి ఎక్కడికి వచ్చాం! మొదటి సినిమాకి చప్పట్లు కొట్టిన కుర్రాళ్ళే మూడో సినిమాలో వీడియో కాల్‌లో కనపడే పిల్లలు. అంటే మనమే.

ప్రాజెక్టు భాషలో చెప్పాలంటే మన ప్రేమకథలన్నీ డెవలప్‌మెంట్ గురించే. ప్రకాశ్ రాజ్ గారు తలూపగానే రిలీజ్ అయిపోతుంది, శుభం కార్డు పడుతుంది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళ సపోర్టు ఎవరు చేస్తారు అనేది స్కోపులో ఉండదు. మనలో ఎవరిని కదిపినా కథ సపోర్టులోనే ఉంది. మా ఆఫీసులో కులం దాటి, రాష్ట్రం దాటి పెళ్ళి చేసుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కొందరి ఇళ్ళల్లో పెద్ద గొడవలే అయ్యాయి, కాదనను. కానీ ఇప్పుడు క్యాంటీన్లో వాళ్ళు మాట్లాడుకునేది ఆ గొడవల గురించి కాదు. నాన్న బీపీ, అమ్మ మోకాళ్ళు, ఎవరు ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఉండాలి, అదీ సంగతి.

ఈ రెండు కథలూ పక్కపక్కన కనపడాలంటే శంషాబాద్ వెళ్ళాలి. ఊరికి దగ్గర్లోనే అమ్మపల్లిలో పాత రామాలయం ఉంది. ఎత్తైన గోపురం, మెట్ల కోనేరు. మీరు పేరు వినకపోయినా తెర మీద చూసే ఉంటారు, అక్కడ అన్ని తెలుగు సినిమాలు తీశారు. ఇప్పుడు పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు కూడా అక్కడికే వెళ్తున్నాయి. కోనేటి మెట్ల మీద పట్టు పంచె సర్దుకుంటున్న పెళ్ళికొడుకు, ఇంకొంచెం నవ్వమంటున్న ఫోటోగ్రాఫరు. పైన విమానం వెళ్తూ ఉంటుంది. శుభం కార్డు అమ్మపల్లిలో పడితే రెండో భాగం ఆ విమానం ఎగిరిన చోట మొదలవుతుంది.

ఎయిర్‌పోర్టు అనగానే సినిమావాళ్ళకి పరుగే గుర్తొస్తుంది. ఫ్రెండ్స్ సీరియల్ చివరి ఎపిసోడ్లో (2004) రాస్ రేచల్ కోసం పరిగెత్తాడు. లవ్ యాక్చువల్లీలో (2003) ఓ బుడ్డోడు సెక్యూరిటీని తప్పించుకుని పరిగెత్తాడు. మన తొలిప్రేమ (1998) తేలేది కూడా ఎయిర్‌పోర్టులోనే, కాకపోతే మనవాడు మర్యాదస్తుడు, సాగనంపడానికి వెళ్ళాడు, అమ్మాయే మనసు విప్పింది. ఇప్పుడు శంషాబాద్‌లో ఆ పప్పులేం ఉడకవు. 2008 మార్చిలో బేగంపేట నించి విమానాలన్నీ ఇక్కడికి వచ్చేశాయి. గుమ్మం దగ్గరే సీఐఎస్‌ఎఫ్ జవాను టికెట్టూ, గుర్తింపు కార్డూ చూపించమంటాడు. డిజియాత్ర అయితే మొహం చూపించమంటుంది. ప్రేమ అనే మాటకి రెండు చోట్లా విలువ లేదు. అత్తారింటికి దారేది (2013) హీరో మిలాన్ నించి వచ్చిన కోటీశ్వరుడైనా, అత్తతో అసలు మాట తేలింది మాత్రం రైల్వే స్టేషన్లో. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుంటే చాలు, ఎవరైనా లోపలికెళ్ళి రెండు గంటలసేపు ఏడవచ్చు. ఎయిర్‌పోర్టులో ఆ సౌకర్యం లేదు.

ఏడుపు మాత్రం ఉంది. రాత్రి పూట డిపార్చర్స్ దగ్గర ఓ గంట నించుంటే చాలు. ఒకప్పుడు ఇక్కడ చూసిన దృశ్యం వేరు, ఎమ్మెస్‌కి వెళ్ళే కుర్రాడి చుట్టూ ఇరవై మంది, సుమోలో వచ్చిన చుట్టాలందరూ, దండలూ, ఫోటోలూ. అది ఇప్పటికీ ఉంది. కానీ నాకు ఎక్కువగా కనపడేది ఇంకొకటి. అరవై దాటిన ఒకావిడ, కాళ్ళకి కొత్త స్పోర్ట్స్ బూట్లు, చీర మీద స్వెట్టరు. ఇరవై మూడు కేజీలు దాటకుండా ఇంట్లో పదిసార్లు తూచిన రెండు సూట్‌కేసులు, వాటి నిండా కారప్పొడులూ, పచ్చళ్ళూ, పుట్టబోయే బిడ్డకి మెత్తటి పాత చీరలు. నడవగలిగినా వీల్‌చెయిర్ పెట్టించి ఉంటారు, ఎందుకంటే దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేటప్పుడు తప్పిపోకుండా ఎవరో ఒకరు తీసుకెళ్ళి కూర్చోబెడతారని. చేతిసంచీలో ఒక కాగితం ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ వాడు ఏమడిగితే ఏం చెప్పాలో ఇంగ్లీషు ముక్కలు తెలుగు అక్షరాల్లో రాసినది.

మా పెద్దమ్మ మొదటిసారి అలాగే వెళ్ళింది. పెదనాన్న వెళ్ళలేదు, ఇద్దరూ వెళ్తే ఇల్లెవరు చూస్తారు అన్నాడు. అది సాకు. ఇద్దరి టికెట్లంటే కూతురికి భారమని ఆయన లెక్క. లోపలికెళ్ళాక ఆవిడ చెకిన్ లైన్లో ఉన్నంతసేపూ ఆయన బయట అద్దానికి ఆనుకుని చూస్తూ ఉన్నాడు. మధ్యలో ఫోను చేసి, మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టలేదు కదా అని అడిగాడు. నలభై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఆరు నెలలు విడిగా ఉండటం అదే మొదటిసారి. ఆ ఆరు నెలల్లో ఆయన అన్నం వండటం నేర్చుకున్నాడు, కూర నేర్చుకోలేదు. కర్రీ పాయింట్ వాడు ఆయన్ని చూడగానే కవర్లో పప్పు వేసేవాడట. మీరే చెప్పండి, ఇంతకన్నా ప్రేమకథ ఏముంది?

దీన్ని సినిమావాళ్ళు ముట్టుకోలేదని కాదు. శేఖర్ కమ్ముల మొదటి సినిమా డాలర్ డ్రీమ్స్ (2000) అమెరికా వెళ్ళడమా మానడమా అనే గొడవ గురించే. పదిహేడేళ్ళ తరవాత ఆయనే ఫిదాలో సరైన ప్రశ్న అడిగాడు. భానుమతికి వరుణ్ అంటే ఇష్టం లేక కాదు, బాన్సువాడలో నాన్నని వదిలి ఎందుకెళ్ళాలి అనేదే ఆ పిల్ల బాధ. కొడుకు వెళ్తే అభివృద్ధి, కూతురు వెళ్తే ఆనవాయితీ అనుకునే చోట ఒక ఆడపిల్ల చేత ఆ మాట అడిగించాడు, అందుకు ఆయనకో దండం. జవాబు మాత్రం నాకు మింగుడుపడలేదు. అబ్బాయే వచ్చి బాన్సువాడలో ఉండిపోతాడు. బాగానే ఉంది, కానీ అక్క అమెరికాలోనే ఉంది కదా! ఇంటికి ఒక పిల్ల ఉంటే సరిపోతుంది, రెండోవాళ్ళు వెళ్ళినా ఫరవాలేదు అనా? నిజం చెప్పాలంటే చాలా ఇళ్ళల్లో జరుగుతున్న ఒప్పందం అదే. ఊళ్ళో ఉన్న కూతురో కొడుకో ఆసుపత్రులకి తిప్పుతారు, అక్కడున్నవాళ్ళు డబ్బు పంపి ఫోన్లో సలహాలిస్తారు. ఈ ఇద్దరి మధ్య పేరుకునే కోపం మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటిరోజు మొదటి ఆట చూస్తాను.

శతమానం భవతికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. జయసుధ నటనకి వంక పెట్టను. నా గొడవ ఏంటంటే అందులో పిల్లలు దోషులు. బోనెక్కించారు, సిగ్గుపడ్డారు, ఏడ్చారు, మనం కూడా ఏడ్చి తేలికపడి బయటికొచ్చాం. పండగ వెళ్ళాక కనుమ మర్నాడు ఏం జరిగింది? మళ్ళీ శంషాబాదే కదా. పిల్లల్ని తిడితే తేలే లెక్క కాదిది. పొలం అమ్మి ఇంజనీరింగ్ చదివించింది ఆ నాన్నే. మా వాడు అమెరికాలో ఉన్నాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నదీ ఆయనే. వెళ్ళమన్నది వాళ్ళే, వెళ్తే ఒంటరైందీ వాళ్ళే. అట్లాగని వాళ్ళ తప్పూ కాదు. నువ్వు నాకు నచ్చావ్‌లో లాగా ఇందులోనూ చెడ్డవాళ్ళు లేరు. అందుకే దీన్ని ఏడిపించే సినిమాగా తీస్తే తేలిపోతుంది, కామెడీగా తీస్తేనే నిజం పట్టుబడుతుంది అని నా నమ్మకం.

సరుకంతా సిద్ధంగానే ఉంది. మనవడు పుడితే అమ్మలు షిఫ్టుల్లో వెళ్తారు. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి, మొదటి ఆరు నెలలు పిల్ల తల్లి, తరవాతి ఆరు నెలలు పిల్లాడి తల్లి. ఒక వియ్యపురాలి విమానం దిగే వారంలోనే ఇంకో వియ్యపురాలి విమానం ఎగురుతుంది. పెళ్ళిలో మర్యాదల దగ్గర మాటామాటా అనుకుని అప్పట్నించీ పలకరించుకోని ఇద్దరు ఆడవాళ్ళని ఊహించుకోండి. ఒకావిడ ఆరు నెలల తరవాత కింద అరైవల్స్ లోంచి ట్రాలీ తోసుకుంటూ వస్తుంది. అదే రాత్రి విమానానికి ఇంకొకావిడ తయారుగా వచ్చింది. ఇద్దరు మొగుళ్ళూ కార్ పార్కింగ్ చీటీ కోసం జేబులు తడుముకుంటూ పక్కకి తప్పుకుంటారు. మొదటావిడకి మాట్లాడాలని లేదు, కానీ పిల్లాడు గుర్తొస్తాడు. ఇక అక్కడే, ర్యాంపు కింద, పుష్పక్ బస్సు హారన్ల మధ్య కేటీ సెషన్ మొదలవుతుంది. వాడికి జోకొడితే పడుకోడు వదినగారూ, వీపు మీద రాయాలి. కోడలికి, అంటే మా అమ్మాయికి, పొద్దున్న లేవగానే మాట్లాడితే పడదు. మీ అబ్బాయి బంగారం, కానీ గిన్నెలు తోముతుంటే వద్దనకండి, అలవాటు చేశాను.

ఆ చివరి మాట దగ్గర రెండో ఆవిడ మొహం ఎలా మారుతుందో చూపించగలిగే నటి కావాలి. జయసుధ గారు ఒకరు ఖాయం. రెండోవారికి నేనైతే రోహిణి పేరు చెప్తాను. ప్రకాశ్ రాజ్ గారికి ఇందులో ఎవర్నీ ఒప్పించుకోనక్కర్లేని వేషం, కర్రీ పాయింట్ దగ్గర లైన్లో నించోవడమే.