బిల్లు ఎవరి పేరు మీద?

శ్రీశైలం ప్రాజెక్టు కాలనీ సున్నిపెంటలో గృహహింస చట్టం మీద జరిగిన సమావేశం ముగిసి అందరం టీ తాగుతున్నాం. ఒక అంగన్‌వాడీ కార్యకర్త మా దగ్గరికి వచ్చి, "అక్కా, మా ఇంటాయన కర్నూలుకు పోయి వాషింగ్ మెషీన్ బేరం చేసి వచ్చినాడు. ముందర తలుపుండేది మంచిదా, పైన మూతుండేది మంచిదా? నన్నయితే ఒక మాట అడగల్యా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హక్కుల గురించి మాట్లాడుకోవడానికి వచ్చినచోట ఈ గోలేమిటని ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా. మేమూ ఏదో ముక్తసరిగా చెప్పి తప్పించుకున్నాం. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాం.

ముందు ఆమె అడిగినదానికే జవాబు. ముందర తలుపుండే మెషీన్ నీళ్ళు తక్కువ తాగుతుంది. ఒకసారి ఉతకడానికి యాభై, అరవై లీటర్లు చాలు. పదిహేను లీటర్ల బిందెతో లెక్కేస్తే నాలుగు బిందెలు. పైన మూత ఉండేదానికి సాధారణంగా వంద లీటర్లు దాటుతుంది, అంటే ఏడెనిమిది బిందెలు. వేసవిలో నీళ్ళ కోసం పడిగాపులు పడే కర్నూలు, కడప పల్లెల్లో ఈ నాలుగు బిందెల తేడా చిన్నది కాదు. బట్టలు కూడా తక్కువ నలుగుతాయి, నీళ్ళు బాగా పిండుతుంది.

కానీ ఆ మెషీన్ నీళ్ళని తనంతట తాను కుళాయి నుంచి తీసుకోవాలి. ఇంటిపైన ట్యాంకు ఉండాలి, అది కాస్త ఎత్తులో ఉండాలి. ధార సన్నగా వస్తే మెషీన్ మధ్యలోనే మొరాయిస్తుంది. కుళాయి రెండురోజులకోసారి వచ్చి, డ్రమ్ముల్లో పట్టుకునే ఇంటికి అది పనికిరాదు. బకెట్‌తో నీళ్ళు పోసుకోగలిగే రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషీనే అక్కడ మేలు. బోరు నీళ్ళు ఉప్పునీళ్ళయితే లోపలి హీటరుకి సున్నం పేరుకుంటుంది, అప్పుడప్పుడూ మందు వేసి వదిలించాలి. నీళ్ళు కాగబెట్టేటప్పుడు కరెంటు రెండువేల వాట్ల దాకా లాగుతుంది కాబట్టి పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు లేకుండా పెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం. తడి చేతులతో దాన్ని ముట్టుకునేది ఎవరో చెప్పనక్కరలేదు. నురుగు తక్కువ వచ్చే సబ్బుపొడి వేరుగా కొనాలి, దాని ధర ఎక్కువ. తలుపు చుట్టూ ఉండే రబ్బరుని ప్రతిసారీ తుడిచి, తలుపు కాసేపు తెరిచి ఉంచకపోతే బూజు పట్టి వాసన కొడుతుంది. కింద ఉండే జాలీని నెలకోసారైనా తీసి కడగాలి.

ఇంట్లో నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎంత ధారగా వస్తాయో, కరెంటు ఏ వేళకి పోతుందో, రెండు గంటలపాటు ఆ మెషీన్‌ని కనిపెట్టుకుని ఉండగలిగేదెవరో తెలిసింది ఆమెకి. బేరానికి వెళ్ళింది ఆయన. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళినా దుకాణంలో వాయిదాల లెక్క ఆయనకి చెబుతారు, ఆమెకి రంగులు చూపిస్తారు. ఇది మనకి అలవాటైపోయి, ఇందులో తప్పు కూడా కనపడదు.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లు, పురుషులు 58 లక్షలు. ప్రమాదంలో చనిపోయిన గృహిణి శ్రమకి విలువ కట్టవలసి వచ్చిన ఒక కేసులో 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే తన తీర్పులో ఎత్తిచూపారు. చనిపోయాక విలువ కడుతున్నారు, సంతోషమే. బతికుండగా మెషీన్ ఏది కావాలో అడిగితే ఇంకా సంతోషం.

మెషీన్ వచ్చినంత మాత్రాన ఈ 289 నిమిషాలు తగ్గుతాయా? రూత్ ష్వార్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో ఈ ప్రశ్ననే పరిశీలించింది. అక్కడ మెషీన్లు రాకముందు బట్టలు లాండ్రీకో, ఉతికేవాళ్ళకో వెళ్ళేవి. మెషీన్ వచ్చాక ఆ పని తిరిగి ఇంటికొచ్చి తల్లి నెత్తినే పడింది. శుభ్రత ప్రమాణాలూ పెరిగాయి. మన ఇళ్ళలోనూ అదే జరుగుతోంది. వారానికి రెండుసార్లు ఉతికే దుప్పటిని, "మెషీనే కదా" అని రోజూ తీసి వేసేవాళ్ళున్నారు. వేసేది వాళ్ళు. ఆరేసి, మడతపెట్టేది ఆమె.

మరి ఉతికేవాళ్ళ సంగతి? మనం అంతగా మాట్లాడుకోని విషయం ఇది. ఇళ్ళు తిరిగి బట్టలుతికే రజక స్త్రీకి మెషీన్ వచ్చిన ప్రతి ఇంటితో ఒక నెల జీతం పోతుంది. ఒకరి మురికి ఇంకొకరు పుట్టుకతో ఉతకాలనే కట్టుబాటు పోవలసిందే, దానికోసం కన్నీళ్ళు పెట్టుకోనక్కరలేదు. కానీ కట్టుబాటు పోయేటప్పుడు ఆమె బతుకుదెరువుకి ఇంకో దారి చూపకుండా వదిలేస్తే అది విముక్తి ఎలా అవుతుంది? ఇంకో సంగతి, చాలా ఇళ్ళలో మైల బట్టలు మెషీన్‌లో వేయనివ్వరు. కొత్త మెషీన్ పూజలందుకుంటూ ఉంటుంది, ఆమె పెరట్లో కూర్చుని చేత్తోనే ఉతుక్కుంటుంది.

ఇక బిల్లు విషయం. 1981లో శ్రీశైలం జలాశయంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ళు వంద దాకా మునిగిపోయాయి. భూమి పరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకి వచ్చింది. ఆ పేర్లు దాదాపు అన్నీ మగవాళ్ళవే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరులో అమల్లోకి వచ్చే నాటికి ఆ పొలాలు నీళ్ళకింద ఉన్నాయి. ఆ నీళ్ళతో కుడిగట్టున 770 మెగావాట్ల కరెంటు తీసే కేంద్రం నడుస్తోంది. కాగితం మీద పేరు లేకపోతే ఏమవుతుందో ఈ కొండ కింద బతికిన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కరలేదు.

మెషీన్‌కి భూమితో పోలికేమిటి అనవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూడండి. వస్తువు కొన్నవాళ్ళే కాక, కొన్నవాళ్ళ ఆమోదంతో వాడేవాళ్ళు కూడా వినియోగదారులే అంటుంది. మంచి నిర్వచనమే. కానీ బిల్లు ఆయన పేరున ఉంటే రోజూ ఉతికే ఆమె 'ఆయన ఆమోదంతో వాడే మనిషి' అవుతుంది. బిల్లు, వారంటీ కార్డు ఆమె పేరున ఉంటే ఆ అడ్డు ఉండదు. మెషీన్ చెడిపోయి దుకాణంవాళ్ళు పట్టించుకోకపోతే 1915కి ఫోన్ చేయవచ్చు. తను ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, వస్తువు ధర అయిదు లక్షలలోపు ఉంటే రుసుము లేదు. మోటారుకి పదేళ్ళని పెద్ద అక్షరాల్లో రాస్తారు. మిగతా భాగాలకి ఎన్నేళ్ళో బిల్లు చేతికి తీసుకునే ముందే చదవాలి.

పెళ్ళిలో సారె పేరుతో మెషీన్ పెట్టే ఇళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అడిగి పుచ్చుకుంటే అది కట్నం, నేరం. ఇష్టంగా ఇచ్చినా, 1985 నాటి నిబంధనల ప్రకారం కానుకల జాబితా రాసి, విలువ వేసి, వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. స్త్రీధనం మీద భర్తకి ఉమ్మడి హక్కు లేదని సుప్రీంకోర్టు ప్రతిభా రాణి కేసులో అదే సంవత్సరం చెప్పింది. కాపురం చెడి బయటికొచ్చిన అమ్మాయి తన వస్తువులు తనవని రుజువు చేసుకోలేక నిలబడిపోవడం మన సంఘాల్లో పనిచేసే ఎవరికీ కొత్త కాదు. ఆ బిల్లు ఒక కాపీ పుట్టింట్లో ఉంచమని చెప్పండి.

ఆ అంగన్‌వాడీ కార్యకర్త ఈమధ్య మళ్ళీ కలిసింది. ఇద్దరూ వెళ్ళి ముందర తలుపుండే మెషీనే కొన్నారట. బిల్లు ఆమె పేరు మీదే. కొడుకు బట్టలు వేయడం నేర్చుకున్నాడని, జాలీ కడిగే పని మాత్రం ఇంకా తనదేనని చెప్పింది.