బేగెల్లకపోతే బేరం పోతాది

శ్రీకాకుళం దాటి నరసన్నపేట వైపు వెళ్తుంటే మడపాం టోల్‌గేటు దగ్గర లారీలు బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో కొన్నింటి కింద రోడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మే నెల ఎండలో కూడా! వెనకాల బైకు మీద వెళ్లేవాళ్లు ముక్కు మూసుకుని, ఎలాగోలా దాన్ని దాటేసి హమ్మయ్య అనుకుంటారు. కొల్లేరు వైపు నుంచి హౌరాకో గువాహటికో పోయే చేపల లారీ అది. ట్రేల నిండా బొచ్చెలు, శీలావతులు. వాటి మధ్య దంచిన ఐసు. పైన టార్పాలిన్. అంతే, మిషనూ లేదు, మీటరూ లేదు. ఐసు మొత్తం నీళ్లయ్యేలోగా మార్కెట్టు చేరాలి. లేదంటే దారిలో ఆగి మళ్లీ ఐసు కొట్టించుకోవాలి.

అదే వరుసలో అప్పుడప్పుడూ ఇంకో రకం బండి ఉంటుంది. తెల్లటి పెట్టె. చుక్క కారదు, వాసన రాదు. డ్రైవరు టీకి దిగినా మిషను మాత్రం గుర్రుమంటూనే ఉంటుంది. దాన్ని రీఫర్ అంటారు. మన రొయ్య అమెరికా వెళ్లేది ఇలాంటి పెట్టెలోనే, మైనస్ 18 డిగ్రీల దగ్గర. రోడ్డు మీద ఉన్నంతసేపూ జనరేటరు, విశాఖ రేవులో ప్లగ్గు, ఓడ ఎక్కాక ఓడ కరెంటు. నెల దాటే ప్రయాణంలో ప్లగ్గులు మారతాయి కానీ లోపలి చలి మారకూడదు.

తమాషా ఏమిటంటే, ఒకప్పుడు చలి అటు నుంచే ఇటు వచ్చేది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టు కప్పి 1833లో కలకత్తాకు ఓడలో పంపాడు. దారిలో నాలుగు నెలలు! కరగ్గా మిగిలిందే లాభం. ఆ మంచు దాచడానికి మద్రాసులో 1842లో కట్టిన ఐస్‌హౌస్ మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. అలా మనకు మంచు అమ్మిన దేశానికే ఇప్పుడు మనం మంచులో పెట్టి రొయ్య అమ్ముతున్నాం.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రీఫర్ పెట్టె సరుకును చల్లబరచదు. చల్లగా ఎక్కించిన సరుకును చల్లగా ఉంచుతుంది, అంతే దాని ఉద్యోగం. నేల మీద ఉన్న గాడుల్లోంచి చల్లగాలి పైకి వచ్చి, పెట్టెల చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది. వెచ్చటి సరుకు పెట్టి తలుపు వేస్తే ఆ మిషను ఎంత గింజుకున్నా లాభం లేదు. గాలి తిరగడానికి పైన జాగా వదలకుండా కుక్కినా అంతే. అంటే అసలు కథ లారీ ఎక్కడానికి ముందే నడిచిపోతుంది. సంతబొమ్మాళిలోనో కవిటిలోనో పూసపాటిరేగలోనో, చెరువు గట్టు మీద.

పట్టుబడి రోజు గట్టు మీద ఎక్కువగా వినిపించే మాట 'బేగి'. మన రెండు జిల్లాల్లో ఈ మాటకు అర్థం చెప్పక్కర్లేదు గానీ, ఇతర జిల్లాల పాఠకుల కోసం... తొందరగా అని. వల లాగింది మొదలు బేగి కడగాలి, బేగి ఐసు నీళ్లలో ముంచాలి, బేగి తూయాలి. ట్రేలో ఒక వరుస రొయ్య, ఒక వరుస ఐసు. బరువుకు బరువు వెయ్యాలంటారు. ఎండ ఎక్కేకొద్దీ రొయ్య తల దగ్గర నల్లమచ్చ మొదలవుతుంది. అది దాని ఒంట్లోని రసాయనాల పని, తింటే ప్రాణం తీసేదేమీ కాదు. కానీ కొనేవాడి కంట పడితే రేటు తెగ్గోస్తాడు. అందుకే తెల్లవారుజామునే వల దించుతారు. మూడు నాలుగు నెలలు మేత వేసి, ఏరేటర్లు తిప్పి, రాత్రుళ్లు కాపలా పడుకున్న రైతు కష్టం విలువ ఆ రెండు మూడు గంటల్లో తేలిపోతుంది. కౌంటు ఎంత, మెత్త ఎంత, మచ్చ ఎంత... ఈ మూడూ చెప్పేది కొనేవాడే.

ఐసు కూడా చాలాచోట్ల ఆ కొనేవాడే తెస్తాడు. నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది ఇదే. 'ఈ రేటుకు ఇవ్వను, రేపు చూద్దాం' అనాలంటే ఆ రేపటి దాకా సరుకు నిలవాలి కదా! నిలబెట్టే చలి ప్లాంటులో ఉంది, కంటెయినర్‌లో ఉంది. గట్టు మీద లేదు. మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అయిన అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతం సుంకం వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు ఇది అందరికీ అర్థమైంది. గడ్డకట్టిన రొయ్యను కోల్డ్ స్టోరేజీలో పెట్టి కొన్నాళ్లు చూడొచ్చు, దానికీ అద్దె అవుతుందనుకోండి. చెరువులో బతికున్న రొయ్యకు మాత్రం రోజూ మేత వేయాలి. సుంకం పడింది న్యూయార్క్‌లో, రేటు పడింది మన గట్టు మీద.

సముద్రం ఒడ్డున పరిస్థితి ఇంకా కష్టం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానిది దానితో పోలిస్తే చిన్న ముక్క. ఇంత తీరంలోనూ పడవలు చాలావరకు ఇసుక మీదకే వచ్చి ఆగుతాయి. కోనాం, చందువ లాంటివి దొరికితే థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి వెంటనే పంపేస్తారు. కవళ్లు, నెత్తళ్లు ఒక్కసారిగా కుప్పలు పడితే? ఐసు ఖర్చు కూడా రాదు. ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండబెట్టడమే. మన సంతల్లో ఎండుచేపల బుట్టల వెనక ఉన్న లెక్క అది. ఇక్కడ గిట్టుబాటు కాకే వేలమంది గుజరాత్‌లోని వేరావల్ పడవలెక్కారు. 2018 నవంబరులో పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో ఇళ్లకు చేరిన మన జాలర్లు అలా వెళ్లినవాళ్లే. మూలపేట పోర్టుకు, భోగాపురం విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపనలు జరిగాయి. సంతోషమే. ఓడలూ విమానాలూ ఎన్ని వచ్చినా, పడవ దిగే ఇసుక దగ్గర ఐసు ప్లాంటు లేకపోతే వాటిలోకి ఎక్కేది ఎవరి చేప?

చలి కరవైతే నమ్మకానికీ కరవే. చేపల్లో ఫార్మాలిన్ ఉందంటూ 2018 జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపల్ని పది రోజులు నిషేధించింది. శవాలు చెడకుండా వాడే మందు అని వినగానే ఎవరు కొంటారు? ఐసుతో నీళ్లు కార్చుకుంటూ నిజాయతీగా వెళ్లే లారీ మీదా అదే అనుమానం.

అలాగని అన్నిటికీ చలే మందు అనుకోకండి. మామిడి సంగతి వేరు. విజయనగరం సువర్ణరేఖ, బంగినపల్లి కోసిన తర్వాత కూడా ఊపిరి తీస్తూనే ఉంటాయి, వేడి పుట్టిస్తూనే ఉంటాయి. 12, 13 డిగ్రీల కంటే చల్లబరిస్తే తొక్క మీద మచ్చలు పడతాయి, సరిగ్గా పండవు. ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చికాయ చప్పగా ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందిగా! 2021 వేసవిలో విజయనగరం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు మామిడితో బయల్దేరింది. కిసాన్ రైళ్లలో పండ్లకు, కూరగాయలకు అప్పట్లో కిరాయిలో సగం రాయితీ. వాటిలో ఎక్కువ భాగం మామూలు పార్శిల్ పెట్టెలే. అయినా లారీ కంటే బేగి వెళ్తుందన్నదే వాటి బలం.

ఎంత చేసినా కరెంటు కరెంటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఎన్ని రోజులు చీకటో అక్కడివాళ్లను అడగండి. కొబ్బరి చెట్ల గురించి అందరం రాశాం. ఐసు గురించి ఎవరూ రాయలేదు, నాతో సహా.

మీ ఇంటి వరకు వస్తే... సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్టో, రొయ్యల ప్యాకెట్టో కొనేటప్పుడు ఒకసారి ఊపి చూడండి. గలగలమంటే సరే. అంతా ఒకే గడ్డలా ఉంటే దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు. లోపల మంచు పలుకులు బాగా కనిపించినా అనుమానించాల్సిందే. అలాంటి ప్యాకెట్టు అక్కడే పెట్టేయండి. కౌంటర్లో కుర్రాడి మీద మాత్రం అరవకండి. ప్లగ్గు ఎక్కడ ఊడిందో వాడికేం తెలుసు!