మన సభల్లో ప్రోటీన్ డబ్బాలెందుకు?

మార్చి 8 సభలంటే ఇప్పుడు చాలాచోట్ల ముగ్గుల పోటీలు, సన్మానాలు, పక్కనే ఒక ‘ఉచిత ఆరోగ్య శిబిరం’. ఆ శిబిరంలో డాక్టరు ఉండరు. బరువు తూచే మిషను, ఒంట్లో కొవ్వు శాతం చూపే పరికరం, టేబుల్ నిండా ప్రోటీన్ పొడి డబ్బాలు ఉంటాయి. మిషను ఎక్కిన ప్రతి స్త్రీకీ ఏదో ఒక లోపం తేలుతుంది. పొద్దున టిఫిన్ బదులు ఒక షేకు, రాత్రి అన్నం బదులు ఇంకొకటి తాగమంటారు. కంపెనీలు ఈ పని చేయడంలో వింతేమీ లేదు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే సంఘాలే టెంటు ఖర్చు కలిసొస్తుందని వాటికి చోటివ్వడం ఎందుకు? నా పేచీ ఇక్కడే.

షేకుతో బరువు తగ్గదా అంటే, తగ్గుతుంది. రెండు పూటలు తిండి మానేస్తే ఎవరైనా తగ్గుతారు. ప్రోటీన్ వల్ల కాసేపు ఆకలి ఆగుతుందన్నదీ, కండ మరీ కరిగిపోకుండా ఉంటుందన్నదీ నిజమే. గుడ్డూ పప్పూ కూడా ఆ పని చేస్తాయి. మొదటి వారాల్లో పోయేదాంట్లో చాలాభాగం నీరు. మామూలు తిండికి రాగానే చాలామందికి పోయిన బరువు తిరిగొస్తుంది. భోజనం మానకుండా పైన షేకు కూడా తాగితే ఉన్నది పెరుగుతుంది.

అమెరికా స్త్రీలు ఈ దారిలో ఎప్పుడో నడిచారు. 1976లో ఒక వైద్యుడి పుస్తకంతో ‘ద్రవ ప్రోటీన్’ ఉపవాసం అక్కడ పెద్ద వేలంవెర్రి అయింది. పశువుల చర్మాల వంటి వాటి నుంచి తీసిన ప్రోటీన్ ద్రవం తప్ప ఇంకేమీ తినకూడదు. రోజుకు 400 కేలరీలు కూడా అందేవి కావు. రెండేళ్లు తిరక్కుండానే సుమారు 60 మరణాలు అక్కడి ప్రభుత్వ సంస్థల దృష్టికి వచ్చాయి. ఎక్కువమంది స్త్రీలే. 1988లో ఓప్రా విన్‌ఫ్రే ద్రవాహారంతో తాను తగ్గిన 67 పౌండ్లకు గుర్తుగా అంత కొవ్వును చిన్న బండిలో టీవీ వేదిక మీదికి లాక్కొచ్చింది. తగ్గిన బరువు ఆమెకు నిలవలేదు. అంత డబ్బూ, వంటవాళ్లూ ఉన్న మనిషికే.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పింది. అదే ఏడాది మన దేశంలో అమ్మే 36 పొడులను పరీక్షించి ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రోటీన్ లెక్క తప్పని తేలింది.

అసలు కావలసిందెంత? కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 50 కిలోల స్త్రీకి 42 గ్రాములు చాలు. పావు కిలో బియ్యంలోనే 18 గ్రాముల దాకా ఉంటుంది (ఈ మాట డబ్బా అమ్మేవాళ్లు చెప్పరు). రెండు గుడ్లు, 50 గ్రాముల కందిపప్పు, గుప్పెడు వేరుశనగలు కలిస్తే లెక్క సరిపోయి ఇంకా మిగులుతుంది.

అయితే ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అధిక బరువు ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1 శాతం. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే ఒంట్లో ఉంటాయి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నంతో, పప్పు అడుగునున్న నీళ్లతో కడుపు నింపుకునే మనిషి లావెక్కవచ్చు, నీరసించనూ వచ్చు. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాల మీదే హక్కు ఇచ్చింది, పప్పు మీద ఇవ్వలేదు. ఇదంతా వదిలేసి ‘నీ ఒళ్లు నువ్వు చూసుకోలేదు’ అని ఆమెనే నిందించి, ఆ నిందకు మందు కూడా ఆమెకే అమ్ముతున్నారు.

షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల మాటేమిటని నన్ను చాలామంది కార్యకర్తలు అడిగారు. అవి జబ్బులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూడాలి, రక్తపరీక్ష చేయాలి, మందులివ్వాలి. శిబిరం టేబుల్ దగ్గర వినపడే మాటలు వేరు. పెళ్లిచూపులు, కాన్పు తర్వాత పొట్ట, మొగుడి చూపు. 1996లో బెంగుళూరు ప్రపంచ సుందరి పోటీలను ఎదిరించిన ఉద్యమానికి ఈ కొలతలు కొత్త కాదు.

అమ్మేవాళ్లూ ఆడవాళ్లే కదా, వాళ్ల ఉపాధి పోదా అనేది రెండో వాదన. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ అంటగడితే తప్ప కమిషన్ రాని పనిని ఉపాధి అనడానికి నాకు నోరు రాదు. మనుషుల్ని చేర్పించి, ఆ చేరికల మీదే లాభం పంచుకునే గొలుసు పథకాలను ప్రత్యక్ష విక్రయాల నిబంధనలు 2021లోనే నిషేధించాయి. ముందు పెట్టుబడి పెట్టించి సరుకు అంటగట్టిన చోట మన సంఘాలు ఆ స్త్రీల పక్షాన ఫిర్యాదు చేయాలి గానీ వేదిక ఇవ్వకూడదు.

తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు మొదలయ్యాయి. రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలకూ తల్లులకూ గుడ్డు చేర్చేది అంగన్‌వాడీ స్త్రీలే. జీతం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిన ఆంధ్రప్రదేశ్ కార్యకర్తల మీద ప్రభుత్వం 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. వచ్చే మార్చి 8న డబ్బాల టేబుల్ తీసేసి అక్కడ అంగన్‌వాడీ టీచరును కూర్చోబెట్టండి. గత మూడు నెలల్లో తన కేంద్రానికి ఎన్ని గుడ్లు రావాలో, ఎన్ని వచ్చాయో, తనకు జీతం ఏ నెల దాకా అందిందో ఆమె చదువుతుంది. రాసుకోవడానికి ఇద్దరుండాలి.