తలపై చేయి వేయుటకు ముందు

అమెరికాలో ఆస్టియోపతీ వైద్యుడు జాన్ అప్లెడ్జర్ 1985లో సంస్థ స్థాపించి, మర్దన వృత్తివారికి సైతము క్రేనియోసేక్రల్ అను కపాల చికిత్స నేర్పించిరి. అయిదు గ్రాములకు మించని ఒత్తిడితో తలలోని లయను చేతులతో గ్రహించవలెనని వారి బోధ. అయితే ఒకే రోగిని పరీక్షించిన ఇద్దరు చికిత్సకులు చెప్పిన లయలు ఒకదానితో ఒకటి పొసగలేదని పరిశోధనలలో తేలినది. తేలికపాటి స్పర్శను నేను తప్పుపట్టను. తొలి శిక్షణ నాలుగే దినములనుటయే నన్ను కలవరపెట్టుచున్నది.

గురుకులమున మా గురువుగారు రెండేండ్లు నాచేత పాదాభ్యంగమే చేయించిరి, తల ముట్టనీయలేదు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములలో 37 మెడ మొదలు పైభాగముననే కలవు. కణతలయందలి శంఖములు, నడినెత్తిన అధిపతి దెబ్బ తగిలిన వెంటనే ప్రాణము తీయునవి. అవి కంఠస్థమైన పిదప ఆయన అడిగినది "ఎచ్చట నొక్కెదవు?" అని కాదు, "ఎవరికి నొక్కవు?" అని. నవజ్వరమున, అజీర్ణమున అభ్యంగము కూడదు. పసిబిడ్డ మాడుపై నూనె అద్దవలెనే గాని ఒత్తరాదు. తలకు దెబ్బ తగిలి వాంతులగుచున్న వానిని ఆసుపత్రికి పంపవలెను.

మనవారును తక్కువ తినలేదు. వారములో శిరోధార నేర్పెదమను బోర్డులు మన పట్టణములలోను వెలసినవి. ధారపాత్ర పట్టుటకు వారము చాలును, నిజమే! తలనొప్పితో ఎవరి వద్దకేగినను, "ఈ చికిత్స మీరెవరికి చేయరు?" అని ముందుగా అడుగుడు. "అందరికీ చేస్తామండీ" అనినచో చెప్పులు తొడుగుకొని వచ్చివేయుడు.